రాయవేలూరు కోటలో మనము చూడనివి

తెలుగువానికి వేలూరు అనగానే మొదట జ్ఞప్తికి వచ్చునది కోట కాదు, ఆసుపత్రి. చిత్తూరు, కడప, అనంతపురము సీమలనుండి వచ్చి కాట్పాడి స్టేషనులో దిగు మనవారి చేతులలో ఎక్స్‌రే కవర్లు, మందుచీటీలు ఉండును. 1900లో ఐడా స్కడ్డరు దొరసాని ఒకే మంచముతో ప్రారంభించిన చికిత్సాలయము నేడు మహావృక్షమై ఎందరికో నీడ నిచ్చుచున్నది. పిదప 2007లో శ్రీపురమున బంగారు గుడి వెలసినది; దానిని చూచుటకును మనవారు బస్సులు కట్టించుకొని వచ్చుచున్నారు. ఈ రెండు పనుల నడుమ, రక్తపరీక్ష ఫలితము చేతికి వచ్చులోపల, రెండు గంటల కాలము మిగిలినచో, "అట్లా కోటదాకా పోయివస్తాము" అని బయలుదేరుదురు. అగడ్త గట్టున కూర్చుండి వేరుసెనగలు తిని, గుడిలో దండము పెట్టుకొని, తిరిగి ఆసుపత్రి వరుసలో నిలుచుందురు. నాలుగు వందల యేండ్ల క్రిందట మన రాయలకు రాజధానియైన చోటు మనకు అట్టి రెండు గంటల వస్తువైనది.

మేము కే.వి.కుప్పమువారము. మాకు వేలూరు దూరదేశము కాదు. లత్తేరి, కాట్పాడి దాటి పాలారు వంతెన మీదుగా పోయినచో గంటకు అటునిటుగా కోటగోడ కనబడును. కోర్టుకును, ఆసుపత్రికిని, పెండ్లిబట్టలకును ఎన్నిమారులు పోయితిమో లెక్కలేదు. అయినను కోటను చూచుటే పనిగా పోయినది ఒక్కమారే. మా ప్రాంతపు తెలుగు కుటుంబములును, గుడియాత్తమునుండి వచ్చి కలిసిన నేతపనివారును, పిల్లలును పెద్దలును కలిసి ఇరువదిమందిమి ఒక దినమంతయు అచ్చట గడపితిమి. ఈ వ్యాసమున ఆ యాత్రను వర్ణింపబూనలేదు. చారిత్రక స్థలములను మనకు చూపు విధమును గూర్చియు, మనము వానిని చూచు విధమును గూర్చియు తోచిన విమర్శను మాత్రమే చెప్పదలచితిమి. అందు పెద్ద పాలు మా మీదికే వచ్చుననుట ముందుగనే ఒప్పుకొందుము.

మొదట రాళ్ల సంగతి. కోట వైశాల్యము 133 ఎకరములు. చుట్టును నీటి అగడ్త. అందులో ఒకప్పుడు మొసళ్లను పెంచిరని చెప్పుదురు. 16వ శతాబ్దమున విజయనగరమునకు లోబడిన చిన్నబొమ్మనాయకుడును, తిమ్మారెడ్డి నాయకుడును దీనిని కట్టించిరని ప్రసిద్ధి. చిన్నబొమ్మనాయకుడు గోడలు కట్టించుటతోనే ఊరకుండలేదు. మహాపండితుడైన అప్పయ్యదీక్షితులకు ఆశ్రయమిచ్చి కనకాభిషేకము చేసెను. నాయకుడు తెలుగువాడు, పండితుడు తమిళదేశమున పుట్టినవాడు, వారిరువురి నడుమ నడచినది సంస్కృతము. "ఈ కోట మనదా, వారిదా?" అని నేడు మనము వేయు ప్రశ్నను ఆ యిద్దరి యెదుట పెట్టినచో వారికి ముందు ప్రశ్నయే అర్థము కాకపోయెడిది.

కోటలోని జలకంఠేశ్వరాలయమునందు కల్యాణమండపము కలదు. స్తంభములనిండ యాళులు, ముంగాళ్లు పైకెత్తిన గుఱ్ఱములు, వానిపై రౌతులు. చూచి "బాగున్నది" అని ముందుకు సాగువారే యెక్కువ. మేమును పూర్వము అట్లే సాగితిమి. ఈసారి ఒక్క స్తంభమునొద్ద పావుగంట నిలిచితిమి. గుడియాత్తపు నేతగాడొకడు రౌతు నడుమునకు చుట్టిన వస్త్రపు మడతలను చూచి, "ఇది రాయి చెక్కినోడి పని కాదు, మొగ్గం ఎరిగినోడి పని" అన్నాడు. ఆ మాట ఏ గైడు నోటను వినలేదు. ఈ మండపమును ఊడదీసి ఇంగ్లండునకు తరలింప నెంచిరనియు, అందులకు రావలసిన ఓడ సముద్రమున మునిగిపోవుటచే ఈ రాళ్లు మనకు దక్కెననియు ఒక కథ చెప్పుదురు. కథ మాట ఎట్లున్నను, అమరావతి శిల్పముల విషయమున మాత్రము ఏ ఓడయు మునుగలేదు. 1845లో ఎలియట్ దొర త్రవ్వించిన ఆ పాలరాళ్లు 1859లో సురక్షితముగా లండనుకు పోయినవి.

ఈ ఆలయము చిరకాలము లింగము లేని గుడిగా నుండెను. తుపాకిమందు దాచిన రోజులును కలవు. 1981లో సత్తువాచ్చేరినుండి లింగమును తెచ్చి ప్రతిష్ఠించిరి. కోట పురావస్తుశాఖవారి రక్షణలోనిది. వారి నిబంధనలకును భక్తుల కోరికకును పొత్తు కుదరుట సులభము కాదు. దీపము వెలుగు గుడిలో శిల్పము సజీవముగ కనబడుననుట నిజము. నూనెచేతులు శిల్పమునకు మేలు చేయవనుటయు అంతే నిజము. మేము దండము పెట్టినవారమే గాని, స్తంభమునకు చేయి తుడిచిన మాలో ఒకరిని మాత్రము గట్టిగనే మందలించితిమి.

కోటను చూపువారందరును ఒక మాట తప్పక చెప్పుదురు: ఒకే ప్రాకారములో గుడి, మసీదు, చర్చి మూడును కలవనియు, ఇది మతసామరస్యమునకు నిదర్శనమనియు. వినుటకు ఇంపైన మాటయే. కాని చర్చి 1846లో సైనికుల కొరకు కట్టబడినది, మసీదు అంతకు పూర్వము కోటను ఏలిన నవాబుల కాలపుది, గుడి నాయకులది. ఒకరు పోగా ఒకరు వచ్చిరి. గుడిలో పూజలు, చర్చిలో ప్రార్థనలు జరుగుచున్నవి, మసీదున నమాజు జరుగుట లేదు. మూడు కట్టడములు ప్రక్కప్రక్కన నున్నంత మాత్రమున మూడు సమాజములు ప్రక్కప్రక్కన బ్రదికెనని చెప్పుట చరిత్రను పెండ్లిశుభలేఖగ మార్చుటయే. ఎవరెప్పుడు వచ్చిరో, ఎవరు పోయిన పిదప వచ్చిరో చెప్పినచో సామరస్యమునకు వచ్చిన లోటేమియు లేదు.

ఇక ప్రదర్శనశాల. 1985లో ప్రజలకు తెరవబడిన ప్రభుత్వ మ్యూజియము ఇప్పుడు ఈ కోటలోనిదే. వేలూరు తాలూకాలో దొరకిన, క్రీస్తుపూర్వము 400 నాటిదని చెప్పు కంచుకత్తి—పిడికొనలు మిడుత మీసములవలె రెండుగా చీలినది—అందలి విశేషము. పల్లవులనుండి విజయనగరమువరకు గల రాతివిగ్రహములు, నాణెములు, ప్రాణిశాస్త్ర, భూగర్భశాస్త్రములకు సంబంధించిన వస్తువులును కలవు. ఇట్లు రాయి, లోహము, జంతువు, మొక్క అని జాతులుగ విడదీసి పేర్చుట దొరతనమువారి నాటి మ్యూజియముల పద్ధతి. 1851లో మొదలైన మదరాసు మ్యూజియము నుండి మన జిల్లా మ్యూజియములన్నియు ఆ త్రోవనే నడచినవి. విద్యార్థికి ఈ పద్ధతి ఉపయోగకరమే. కాని కోటలోనున్న మ్యూజియమునకు ఒక బాధ్యత యెక్కువ కలదు. గోడ అవతల జరిగిన కథకును, గోడ ఇవతల పెట్టెలోనున్న వస్తువునకును గల బంధుత్వమును అది చెప్పవలెను. అట్లు చెప్పనిచో కత్తి ఏ ఊరి మ్యూజియములో నున్నను ఒక్కటే.

మాకు ఈ సంగతి ఎట్లు తట్టినదో చెప్పుదుము. ఆ మ్యూజియములో దంతపు చదరంగపు పలకలు కలవు; కాండీ రాజ్యపు కడపటి రాజు వాడినవి. మా వెంటవచ్చిన పిల్లవాడు తమిళములోనున్న పేరుపలకను చదివి తాతకు తెలుగులో చెప్పెను. ఆ తాతకు తెలుగు తప్ప మరియొక లిపి రాదు. మనుమనికి తెలుగు మాట వచ్చునుగాని లిపి రాదు. చదివిన పిదప పిల్లవాడు అడిగెను: "తాతా, జైల్లో ఉండే రాజు చదరంగం ఎవురితో ఆడినాడు?"

తాత మావైపు చూచెను. మాకును తెలియదు. దంతపు నాణ్యతను, చెక్కడపు పనిని మెచ్చుకొనుచున్న మేము నలుగురమును నోరు మూసికొంటిమి. వస్తువును మేము చూచుచుంటిమి. పిల్లవాడు మనిషిని చూచెను.

ఆ మనిషి కథ తెలుగువారికి తెలియవలసినది. కాండీ సింహళ రాజ్యము. అచ్చటి రాజులు మధుర నాయకుల బంధువర్గమునుండి కన్యలను తెచ్చుకొనుచుండిరి. 1739లో రాజవంశము నిస్సంతుకాగా ఆ రాణుల పుట్టింటివారే సింహాసనమెక్కిరి. మధుర నాయకులు తెలుగు మూలము గలవారని వేరుగ చెప్పనక్కరలేదు. ఆ వంశమున కడపటివాడు శ్రీవిక్రమరాజసింహుడు. అసలు పేరు కన్నస్వామి. 1798లో రాజయ్యెను, 1815 ఫిబ్రవరిలో పట్టుబడెను. మరుసటి సంవత్సరము ఆయనను పరివారముతో ఓడమీద మదరాసునకు తెచ్చి, ఈ వేలూరు కోటలో నుంచిరి. 1832లో ఇచ్చటనే మరణించెను. పదునారేండ్లు! ఆయన యుండిన భవనమునకు నేటికిని కాండీ మహలు అని పేరు. ఆయన సింహాసనము 1693లో డచ్చివారు పూర్వపు రాజునకు బహుమానముగ నిచ్చినది. ఇంగ్లండులోని విండ్సరు కోటలో చాల కాలముండి 1934లో సింహళమునకు తిరిగి వచ్చినది. నేడు కొలంబో మ్యూజియములో నున్నది. సింహాసనము ఒక దేశమున, చదరంగము ఒక దేశమున, సమాధి పాలారు గట్టున! ఈ మూటిని ఒక్క పలకమీద వ్రాసి ఆ చదరంగము ప్రక్కన పెట్టినచో, పిల్లవాని ప్రశ్నకు సమాధానము దొరకకపోయినను, ఆ ప్రశ్నకు చోటు దొరకును.

ఆయనను పొగడుమని మేము అనుట లేదు. తన సామంతులయెడ క్రూరుడని ప్రసిద్ధికెక్కినవాడు. ఆ కథలలో కుంఫిణీవారు పెంచి చెప్పినదెంతయో, నిజమెంతయో చరిత్రకారులు తేల్చుకొందురు గాక. తెలుగు మూలము గల రాజు గనుక మంచివాడై యుండవలెననుట మాత్రము మన సభలలో తరచుగ కనబడు బలహీనత.

ఇట్టి చోట్లను ఇతరులు ఎట్లు చూపుచున్నారో ఒక ఉదాహరణము చెప్పుదుము. బాల్టికు సముద్రతీరమున పోలండు దేశములో గ్డాన్‌స్క్ అను రేవుపట్టణము కలదు. జర్మనులు దానిని డాన్‌జిగ్ అందురు. మేము పోయి చూచినది కాదు, చదివి తెలిసికొన్నది. ఆ రేవులో ఓడలనుండి సరకునెత్తుటకు 15వ శతాబ్దమున కట్టిన పెద్ద కొయ్యయంత్రము 1945లో కాలిపోగా, దానిని తిరిగి నిలిపి నౌకావస్తుప్రదర్శనశాలలో చేర్చిరి. యంత్రమున్న చోటనే యంత్రపు కథ. 1939 సెప్టెంబరు 1న ఆ రేవు ముఖద్వారమున వెస్టర్‌ప్లాట్టె యొద్ద ఫిరంగులు ప్రేలుటతో రెండవ ప్రపంచయుద్ధము మొదలైనది గదా. ఆ యుద్ధమునకు అంకితమైన మ్యూజియము 2017లో ఆ పట్టణముననే తెరవబడినది. తెరచిన యేడే వివాదము చెలరేగినది. సకల దేశముల సామాన్య ప్రజలు పడిన బాధ ముందుండవలెనా, పోలండువారి వీరత్వము ముందుండవలెనా యని. డైరెక్టరును మార్చిరి, ప్రదర్శనలోను మార్పులు చేసిరి. ఆ కలహమును గూర్చి చదివినప్పుడు మాకు కొంత అసూయ కలిగినది. అచ్చటివారు మ్యూజియములో ఏమి వ్రాయబడినదో చదివి కోపము తెచ్చుకొనుచున్నారు. మనము పేరుపలక చదువుటయే లేదు, కోపమెచ్చటినుండి వచ్చును?

ఇప్పుడు మా మీదికి వచ్చు విమర్శ. తెలుగుసభలలో రాయలవారి పేరు వినబడని సంవత్సరము లేదు. హంపి, పెనుకొండ, చంద్రగిరి అని వరుసగ చెప్పుకొని చంద్రగిరి దగ్గర ఆగిపోవుదుము. రాయలు అచ్చట ఆగలేదు. 17వ శతాబ్దపు తొలియేండ్లలో వేంకటపతిరాయలు వేలూరును చిన్నబొమ్మనాయకుని కుమారుని చేతినుండి గైకొని తన రాజధానిగ చేసికొనెను. మన పెద్దలు దీనిని రాయవేలూరు అనుట ఊరక కాదు. మరి మన ప్రసంగములు ఇచ్చటికి ఏల రావు? తరువాత జరిగినది మనకు ఇంపుగానుండదు గనుక.

1614లో వేంకటపతిరాయలు గతించెను. ఆయన కోరిన ప్రకారము అన్నకొడుకు శ్రీరంగరాయలు పట్టమెక్కెను. ఒక రాణిగారి పుట్టింటివాడైన గొబ్బూరి జగ్గరాయడు దానిని సహింపక, రాజును కుటుంబముతో బంధించి, తన పక్షపు బాలుని రాజుగ ప్రకటించెను. కొంతకాలమునకు శ్రీరంగరాయలును, భార్యాబిడ్డలును ఈ కోటలోపలనే ప్రాణములు కోల్పోయిరి. చంపించినవారు తురకలు కారు, దొరలు కారు; తెలుగు దొరలే. ఆ బిడ్డలలో ఒకడు, రాముడు, మిగిలెను. వెలుగోటి యాచమనాయడు పంపగా ఒక చాకలివాడు బట్టలమూటలో ఆ బాలుని దాచి కోట దాటించెనని ఆ రోజులలో ఈ దేశముననున్న బరడాసు అను పాదిరీ 1616లో వ్రాసిన లేఖలో కలదు. సూవెల్ దొర తన విజయనగర చరిత్రలో 1900లో దానిని ఆంగ్లమున ప్రకటించెను. పిదప తంజావూరు రఘునాథనాయకుడును యాచమనాయడును ఒక వైపు, జగ్గరాయడును మధుర, జింజి నాయకులును ఒక వైపు నిలిచి తిరుచిరాపల్లి సమీపమున తోపూరులో పోరాడిరి. జగ్గరాయడు హతుడయ్యెను, ఆ బాలుడే రామదేవరాయలై రాజ్యమేలెను. వెలుగోటివారి వంశావళిని మదరాసు విశ్వవిద్యాలయమువారు 1939లోనే అచ్చువేసిరి. ఆధారములకు కొరత లేదు. ఆ చాకలివాని పేరు మాత్రము మేము చదివినంతలో ఎచ్చటను కనబడలేదు.

ఈ కథను కోటలో నిలిచి చెప్పినప్పుడు మాలో ఒక పెద్దాయనకు కష్టము తోచినది. "పిల్లకాయల ముందర మనోళ్ల తప్పులు ఎందుకయ్యా?" అనిరి. ఆయన మాటలో ప్రేమ కలదు, కాదనలేము. కాని జగ్గరాయని కథ దాచినచో యాచమనాయని కథయు పోవును, బట్టలమూట మోసినవాని కథ అసలే పోవును. పాపము లేని చరిత్రలో ధైర్యమునకు పనియేమి?

1806 సంగతి వేరు. దానికి స్మారకస్తంభము కలదు, 2006లో తపాలాబిళ్లయు వెలువడినది, ప్రతి జూలై 10న నివాళి జరుగుచున్నది. ఆ తేదీన తెల్లవారకముందే సిపాయిలు తిరుగబడిరి. నొసటిబొట్టు, చెవిపోగులు, గడ్డము కూడదనియు, కొత్తరకపు టోపీవంటి తలపాగ ధరింపవలెననియు ఉత్తరువు వచ్చుటయే తక్షణ కారణము. శ్రీరంగపట్టణము 1799లో పడినప్పటినుండి టిప్పు కుమారులు ఈ కోటలోనే కాపులో నుండిరి; కోటపై మైసూరు జెండా ఎగిరెను. ఆంగ్ల సైనికులు నూరుమందికి పైగ చచ్చిరి. ఆర్కాటునుండి గిలెస్పీ గుఱ్ఱపుదళముతో వచ్చి ఆ ఉదయముననే కోటను తిరిగి పట్టెను. మున్నూట యేబదిమంది సిపాయిలు చచ్చిరందురు. వారిలో నూరుమందిని గోడకు నిలిపి కాల్చిరి. ఆ రోజులలో హిందూస్థానమున సిపాయికి తిలంగా అనియే పేరు. కుంఫిణీ తొలిపటాలములలో మనవారు ఎందరుండిరో ఆ మాటయే చెప్పును. స్తంభముమీద ఈ కథ తమిళులదిగా, దేశస్వాతంత్ర్యమునకు తొలిమెట్టుగా నిలిచినది. అది తప్పు కాదు. అందు తెలుగుసిపాయి ఏడీ అని అడుగువారు మనలో లేకపోవుటయే మా చింత.

మా పిల్లలకు తెలుగక్షరములు రావని పైన చెప్పితిమి. 2006 నాటి చట్టము వచ్చిన పిదప ఈ రాష్ట్రమున బడులలో తమిళము తప్పనిసరియైనది. తమిళము నేర్చుట మేలే. ఆ పిల్లవాడు తమిళము చదువగలిగినందుననే గదా తాతకు చదరంగపు సంగతి తెలిసినది. బడిమీద నింద మోపుట సులభము. ఇంట భోజనమైన పిదప తాత మనుమనికి అ ఆలు దిద్దించుటకు ఏ చట్టమును అడ్డు రాలేదు. తెలుగులో పేరుపలకలు వ్రాయుడని ఎవరికైన అర్జీ పెట్టుకొనుటకు ముందు, ఆ పలకను చదువువారు ఎందరుందురో మన సంఘమువారు లెక్కించుకొనుట మంచిది. ఈలోపల చేయదగిన పని ఒకటి కలదు. కాండీ రాజు, యాచమనాయడు, 1806 సిపాయిలు—ఈ మూడు కథలను రెండేసి పుటలుగ తెలుగున వ్రాసి, తమిళలిపిలోను అచ్చువేసి, కోటకు పోవు మనవారి చేతికిచ్చుట. రక్తపరీక్షకై వేచియుండు రెండు గంటలకు అది సరిపోవును.

సాయంకాలము తిరుగుదారిలో పాలారు గట్టున ముత్తుమండపమునొద్ద ఆగితిమి. శ్రీవిక్రమరాజసింహుని సమాధిపై తమిళనాడు ప్రభుత్వమువారు 1990లో కట్టించినది. ఏటిలో నీరు లేదు, ఇసుక మాత్రమే. కోటలో వందలకొలది జనము. ఇచ్చట మేము ఇరువదిమందిమి. ఉదయము నేరుగ కోటకు పోయి, సాయంకాలము అలసిన కాళ్లతో ఇచ్చటికి వచ్చుట పొరపాటని అప్పుడు తెలిసినది. సమాధి ముందు చూచి, పిదప కాండీ మహలును, కడపట చదరంగమును చూచినచో ఆ పిల్లవాని ప్రశ్న ఉదయముననే పుట్టి దినమంతయు మా వెంట నడచియుండెడిది.

రాబోవు సంవత్సరము ఆ వరుసలోనే పోవలెనని బస్సులో నిశ్చయించుకొంటిమి. కథలు చెప్పు పని పెద్దాయనకే అప్పగించితిమి, జగ్గరాయని కథతో సహా. ఆయన కొంత గొణిగి ఒప్పుకొనిరి. పులిహోర గుడియాత్తమువారు తెచ్చెదరు.